తరుగు ఎవరి తప్పు?



మన సంపాదన ధర్మసమ్మతంగా ఉండాలని ఈ శీర్షికలో ఎన్నోసార్లు చెప్పుకున్నాము. అయితే ఆ సంపాదన జరిగే చోట, అంటే దుకాణంలోనో గోదాములోనో కార్యాలయంలోనో ఏదైనా నష్టం జరిగినప్పుడు మనం ఇచ్చే తీర్పు కూడా ధర్మసమ్మతంగా ఉండాలన్న సంగతి అంతగా చెప్పుకోలేదు. ఈ నెల దానిని గురించే రాస్తున్నాను. రాయడానికి కారణం నేను స్వయంగా చేసిన ఒక తప్పు.

చాలా ఏళ్ల క్రితం ఒంగోలు శివార్లలోని ఒక మిర్చి గోదాములో నేను లెక్కలు రాసేవాణ్ణి. ఫిబ్రవరి వచ్చిందంటే పర్చూరు, మార్టూరు వైపుల నుండి ఎండుమిర్చి టిక్కీలు ట్రాక్టర్లలో వచ్చేవి. కాటా వేసి దించుకొని, నెలో రెండు నెలలో నిల్వ ఉంచి, ధర చూసుకొని గుంటూరు యార్డుకు పంపేవాళ్లము. దించుకున్ననాటి బరువుకూ పంపేనాటి బరువుకూ కొంత తేడా రావడం మామూలే. దానినే తరుగు అంటారు. కానీ ఆ సంవత్సరం తరుగు టిక్కీకి కిలో దాటింది. మూడు వందల టిక్కీల సరుకులో దాదాపు నాలుగు క్వింటాళ్లు కనిపించలేదు.

కాటా దగ్గర పనిచేస్తున్నది మన మహల్లా యువకుడే. తండ్రి లేడు. తల్లి నాలుగిళ్లకు బట్టలు కుట్టి పెంచింది. షావుకారు గారు నన్ను పిలిచి, "లెక్క చూసేది నువ్వే కదా, ఏమంటావు?" అని అడిగారు.

"కాటా అతని చేతిలోనే ఉంది, తాళంచెవీ అతని చేతిలోనే ఉంది" అన్నాను.

దొంగ అన్న మాట నేను పలకలేదు. కానీ నేను అన్నదానికి అర్థం అదే. ఆ సాయంత్రమే అతణ్ణి పనిలో నుండి తీసివేశారు. రమజాను నెల మొదలు కావడానికి అప్పటికి నాలుగు రోజులే ఉంది.

ఆ తరువాత వచ్చిన సరుకులో తరుగు నిజంగానే తగ్గింది. మా అనుమానం రుజువైందని అనుకున్నాము. మరుసటి ఏడు కాటా దగ్గరకు వయసు మళ్లిన, నమ్మకమైన మనిషిని పెట్టాము. మార్చి, ఏప్రిల్ నెలల్లో మళ్లీ టిక్కీకి కిలోకు పైగా తరుగు వచ్చింది. ఆయన మాట పడలేక తానే మానుకున్నారు. మూడో ఏడు షావుకారు గారు సొంత మేనల్లుణ్ణే తెచ్చి కూర్చోబెట్టారు. మళ్లీ అంతే తరుగు వచ్చింది. ఈసారి మాత్రం ఎవరూ దొంగతనం ఊసెత్తలేదు. "లెక్కలో ఏదో ఉంది, చూడు" అన్నారు షావుకారు గారు.

సోదరులారా! ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మేనల్లుడి వంతు వచ్చినప్పుడు మాకు కలిగిన ఆలోచన, తండ్రిలేని బిడ్డ వంతులో ఎందుకు కలగలేదు? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

గదిలో నుండి పోయినది

పది టిక్కీలు విడిగా తూచి ఒక గదిలో పెట్టి తాళం వేశాము. తాళంచెవి షావుకారు గారి దగ్గరే ఉంది. ప్రతి శుక్రవారం ఆయన ఎదుటే తలుపు తీసి తూచాము. అయిదు వారాల పాటు ప్రతి వారమూ బరువు తగ్గుతూనే వచ్చింది. ఆ గదిలోకి మనిషి ఎవరూ పోలేదు. అందులో నుండి పోయినది తేమ ఒక్కటే.

లెక్క వేసి చూడండి. నలభై కిలోల టిక్కీలో తేమ 14 శాతం ఉంటే, నీరు కాని అసలు సరుకు 34 కిలోల 400 గ్రాములు. ఎండలకు గోదాములో కాయ ఆరి తేమ 11 శాతానికి దిగితే, ఆ అసలు సరుకు అంతే ఉన్నా టిక్కీ బరువు 38 కిలోల 650 గ్రాములకు వస్తుంది. అంటే కిలో మూడు వందల యాభై గ్రాములు గాలిలో కలిసిపోయినట్లే. మూడు వందల టిక్కీలకు అది నాలుగు క్వింటాళ్లు! మేము ఒక కుర్రవాడి నెత్తిన వేసిన నాలుగు క్వింటాళ్లు ఇవే.

మరి అతణ్ణి తీసివేశాక తరుగు ఎందుకు తగ్గింది? ఆ తరువాత వచ్చినది మే నెల సరుకు. అప్పటికే మండుటెండలకు కల్లాల్లో బాగా ఆరిన కాయ. పోవడానికి అందులో తేమే లేదు. ఎండ చేసిన పనిని మేము శిక్ష చేసిన పనిగా లెక్కగట్టాము. శిక్షించిన తరువాత పరిస్థితి బాగుపడినంత మాత్రాన శిక్ష వల్లనే బాగుపడిందని అనుకోరాదన్న పాఠం మాకు ఇలా తెలిసింది.

గొలుసు కొస పట్టుకొని వెనక్కి

అంతటితో ఆగి ఉంటే సగం నిజమే తెలిసేది. వచ్చే కాయలో అంత తేమ ఎందుకుంది? రైతులను అడిగాము. బాగా ఆరిన కాయ పెళుసుగా ఉంటుంది. తొక్కి నింపేటప్పుడు విరిగి గింజ రాలిపోతుంది. అందుకే నింపే ముందు కొద్దిగా నీళ్లు చిలకరిస్తారు. విరిగితే ఏమవుతుంది? కొనేవాళ్లము మేమే ధర తగ్గిస్తాము. తడి ఉంటే ధర తగ్గించేవాళ్లమా? లేదు. తేమను కొలిచే సాధనమే మా దగ్గర లేదు. అంటే కష్టపడి చక్కగా ఆరబెట్టిన రైతు బరువు కోల్పోయి నష్టపోతున్నాడు. నీళ్లు చిలకరించినవాడు ఆ నీటికి కూడా మిర్చి ధర పుచ్చుకుంటున్నాడు. నిజాయితీకి మా కాటాయే జరిమానా వేస్తున్నది.

పల్లెల్లో సరుకు కొనే మా మనిషి దీనిని ఎందుకు పట్టించుకోలేదు? అతని కమీషను కొన్న క్వింటాలు లెక్కన ఉంది. బరువు ఎక్కువైతే అతనికి లాభమే. ఆ ఏర్పాటు చేసినదెవరు? షావుకారు గారు. ఏటేటా ఆ పద్దు రాసినదెవరు? నేను.

కల్లంలో మొదలైన ఈ గొలుసు చివరకు నా బల్ల మీది పుస్తకం దగ్గరకు వచ్చి ఆగింది. కాటా దగ్గరి కుర్రవాడు నష్టం కనిపించిన చోట నిలబడి ఉన్నాడు, అంతే. నష్టం పుట్టిన చోటు వేరు.

పనిచేసే చోటును విడివిడి మనుషులుగా కాక, ఒకదానినొకటి లాగుతూ నెడుతూ ఉండే భాగాల కూర్పుగా చూడడాన్ని ఇప్పటి నిర్వహణ శాస్త్రం వ్యవస్థా దృష్టి అంటున్నది. జపాన్‌లో టయోటా కర్మాగారాల పద్ధతిని తీర్చిదిద్దిన తైచీ ఓనో, ఒక లోపం కనబడితే "ఎందుకు?" అని అయిదుసార్లు అడిగి మూలానికి చేరాలని నేర్పారు. మేము ఆయన పేరు వినకుండానే, మూడేళ్లు ఆలస్యంగా, అదే పని చేశాము.

ధాన్యపు రాశి దగ్గర

అయితే ఈ చూపు మనకు కొత్తది కాదు. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం ఒకటి మనలో చాలామంది విన్నదే. దైవప్రవక్త (స) అంగడిలో ఒక ధాన్యపు రాశి పక్కగా వెళ్తూ అందులో చేయి పెట్టారు. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా తగిలింది. ఇదేమిటని వర్తకుణ్ణి అడిగారు. వాన తగిలిందని అతను చెప్పాడు. అలాగైతే ప్రజలకు కనబడేలా ఆ తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించి, మోసం చేసేవారికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు.

ఈ హదీసును మనం మోసానికి వ్యతిరేకంగా చేసిన హెచ్చరికగా వింటాము. అది నిజమే. కానీ ఆ హెచ్చరికకు ముందు జరిగిన మూడు విషయాలను కూడా గమనించండి. మొదట ఆయన స్వయంగా చేయి పెట్టి చూశారు, విన్న మాటపై తీర్పు చెప్పలేదు. తరువాత కారణం అడిగి, జవాబు విన్నారు. ఆపైన ఏర్పాటును మార్చే దారి చూపారు. తడి ధాన్యం పైన ఉంటే కొనేవాడికి తెలుస్తుంది, అమ్మేవాడికి దాచే అవకాశం ఉండదు, ఇద్దరి మధ్యా అనుమానం పుట్టదు. మా గోదాములో తేమ టిక్కీ అడుగున దాగి ఉంది. దానిని పైకి తెచ్చి అందరికీ కనబడేలా చేయవలసిన పని మాది. ఆ పని చేయకుండా మనిషిని బయటకు పంపాము.

ఇమామ్ మాలిక్ (రహ్మ) ముఅత్తాలో మరో ఉదంతం ఉంది. హాతిబ్ కుటుంబానికి చెందిన బానిసలు ముజైనా తెగకు చెందిన ఒక వ్యక్తి ఒంటెను దొంగిలించి కోసుకున్నారు. విషయం ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ముందుకు వచ్చింది. నేరం రుజువైంది, శిక్షకు ఆదేశం కూడా వెలువడింది. అంతలో ఆయన దృష్టి దొంగల మీది నుండి వారి యజమాని మీదికి మళ్లింది. నీవు వీరిని ఆకలితో ఉంచుతున్నావని నాకు అనిపిస్తున్నదని అతనితో అన్నారు. ఒంటె విలువ అడిగితే, నాలుగు వందల దిర్హములకు కూడా తాను ఇవ్వలేదని దాని సొంతదారు చెప్పాడు. ఎనిమిది వందల దిర్హములు చెల్లించమని ఆ యజమానిని ఆదేశించారు. దొంగతనం తప్పు కాదని ఉమర్ (రజి) అనలేదు. ఆకలి అనే ఏర్పాటు చేసినవాడు జరిమానా కట్టకుండా తప్పించుకోరాదని నిర్ణయించారు.

ఎర్ర పూసలు

ఎడ్వర్డ్స్ డెమింగ్ అనే అమెరికన్ గణాంక శాస్త్రవేత్త 1950లో జపాన్ వెళ్లి అక్కడి ఇంజనీర్లకు, కర్మాగారాల అధిపతులకు నాణ్యతను గురించి బోధించారు. ఆయన పేరిట అక్కడ 1951లో ఒక బహుమతిని కూడా నెలకొల్పారు. ఆయన తన తరగతుల్లో ఒక ఆట ఆడించేవారు. ఒక పెట్టెలో 4,000 పూసలు ఉంటాయి. వాటిలో 3,200 తెల్లవి, 800 ఎర్రవి. యాభై గుంటలున్న ఒక చెక్కను పెట్టెలో ముంచి తీయడమే ఆరుగురు కూలీల పని. తెల్లపూసలు మాత్రమే రావాలి, ఎర్రపూస వస్తే లోపం. ఎర్రవి తక్కువ వచ్చినవాణ్ణి డెమింగ్ పొగిడేవారు, ఎక్కువ వచ్చినవాణ్ణి మందలించేవారు. మరుసటి వంతులో పొగడ్త పొందినవాడికే ఎక్కువ రావచ్చు. చూసేవాళ్లు నవ్వేవారు. పెట్టెలో ఎర్రపూసలు పోసినవాడు యజమాని అయినప్పుడు కూలీని తిట్టి ప్రయోజనమేమిటి? పనిలో వచ్చే ఇబ్బందుల్లో 94 శాతం వ్యవస్థవేనని, వాటి బాధ్యత నిర్వాహకులదేనని తన అనుభవాన్ని బట్టి ఆయన అంచనా వేశారు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. అన్ని తప్పులనూ వ్యవస్థ మీద నెట్టి మనిషిని పూర్తిగా విడిచిపెట్టడం ఇస్లాం బోధ కాదు. ఒకరి భారాన్ని మరొకరు మోయరని దివ్య ఖుర్ఆన్ చెబుతున్నది. ప్రళయదినాన ఎవరి కర్మల చిట్టా వారి చేతికే వస్తుంది. కాటా దగ్గర నిజంగా దొంగిలించేవారూ ఉంటారు. తేడా తెలుసుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. మనుషులు మారినా తప్పు మారకపోతే ఏర్పాటును వెదకండి. ఏర్పాటు ఒకటే అయి, ఒక్క మనిషి దగ్గరే తప్పు మళ్లీ మళ్లీ వస్తుంటే అతణ్ణి విడిగా, మర్యాదగా అడగండి. అప్పటికీ నిందించడానికి ముందు విచారించండి. అల్ హుజురాత్ సూరా అనుమానాలకు దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపాలని హెచ్చరిస్తున్నది. తెచ్చిన వార్తను నిర్ధారించుకోమనీ ఆ సూరాయే ఆదేశిస్తున్నది. తెలియక చేసిన చర్యతో ఎవరికైనా హాని కలిగించి, తరువాత పశ్చాత్తాపపడే స్థితి మనకు రాకూడదన్నది ఆ ఆదేశంలోని హితవు.

ఇంట్లోనూ ఇదే

సోదరీమణులారా! ఇది గోదాములకూ కార్యాలయాలకూ మాత్రమే చెందిన విషయం కాదు. బడికి రోజూ ఆలస్యమయ్యే పిల్లవాణ్ణి తీసుకోండి. రోజూ తిట్టు తింటాడు, రోజూ బస్సు తప్పిపోతుంది. కుళాయి నీళ్లు వచ్చే రోజున ఇంటిల్లిపాదీ బిందెలు పట్టుకుంటారు. అదే సమయంలో నాన్నకు క్యారేజీ కట్టాలి, అదే సమయంలో స్నానాల గది ఒక్కటే ఉండాలి. యూనిఫారం ఇస్త్రీ చేద్దామంటే కరెంటు ఉండదు. ఆఖరున నిలబడి ఉన్నవాడు కనుక తిట్లు పిల్లవాడికి దక్కుతాయి. రాత్రి ఇషా నమాజు తరువాత సంచి సర్ది, బట్టలు సిద్ధం చేసి పెడితే ఉదయపు గొడవ సగం తీరుతుంది. అతని బద్ధకం ఎంతో ఆ తరువాత తెలుస్తుంది. అత్తాకోడళ్ల మధ్య మాటలు పెరిగే చోట కూడా ఎవరి స్వభావమని చూడడానికి ముందు, ఏ పని ఏ వేళకు ఎవరి మీద పడుతున్నదో ఒక్కసారి రాసి చూడండి.

మీ పనిచోటులో ఒకే తప్పు మళ్లీ ఎదురైనప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోమని నా మనవి.

1. ఈ స్థానంలో ఇంతకు ముందున్నవారికీ ఇదే జరిగిందా?
2. నష్టం కనిపించిన చోటు ఏది? అది పుట్టిన చోటు ఏది?
3. ఈ తప్పు వల్ల ఎవరికి లాభం కలిగేలా మన జీతాలు, కమీషన్లు, నియమాలు ఉన్నాయి?
4. ఆ పని చేతులతో చేసేవారిని అడిగామా?

నాలుగో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కానీ మాకు పరిష్కారం దొరికింది అక్కడే. టిక్కీని తొక్కకుండా వదులుగా నింపితే నీళ్లు చిలకరించకపోయినా కాయ విరగదని చెప్పింది రైతులే. దానికి సంచులు ఎక్కువ కావాలి. ఆ ఖర్చు షావుకారు గారు పెట్టుకున్నారు. తేమ కొలిచే యంత్రం తెప్పించి, కాటా పక్కనే రైతుకు కనబడేలా పెట్టాము. బాగా ఆరిన సరుకుకు ధర పెంచాము, తడి సరుకుకు తగ్గించాము. కొనుగోలు కమీషనును కొన్న బరువు మీద కాక, గుంటూరుకు పంపిన బరువు మీద లెక్కగట్టాము. పుస్తకంలో బరువు పక్కన తేమకు ఒక గడి చేర్చాను. మొదటి ఏడు కొందరు రైతులు అలిగి వేరే గోదాములకు వెళ్లారు, ఆ నష్టం భరించవలసి వచ్చింది. క్రమంగా చాలామంది తిరిగి వచ్చారు. తడి తగ్గితే బూజు కూడా తగ్గుతుంది. బూజు వల్ల పుట్టే ఆఫ్లాటాక్సిన్ అనే విషం మిరపలో కిలోకు మొత్తం 10 మైక్రోగ్రాములు దాటరాదని ఐరోపా దేశాల నియమం. మన సరుకు ఎగుమతికి నిలబడాలన్నా, మన ఇంటి కూరలో శుభ్రంగా ఉండాలన్నా మొదలు పెట్టవలసినది ఆ కల్లం దగ్గరే.

చెల్లించవలసిన అప్పు

ఇదంతా తెలిసిన తరువాత చేయవలసిన పని ఇంకొకటి మిగిలింది. అల్లాహ్ హక్కులో జరిగిన లోపానికి అల్లాహ్‌ను వేడుకోవచ్చు. తోటి మనిషి హక్కు విషయంలో ఆ మనిషి గడప తొక్కక తప్పదు. ఆ యువకుడి ఇంటికి వెళ్లాను. అతను లేడు. చెన్నైలో ఏదో దుకాణంలో పనికి కుదిరాడట. తల్లి కుట్టుమిషను దగ్గర ఉన్నారు. జరిగినది మొత్తం చెప్పాను. లెక్క కాగితం కూడా చూపించాను. ఆమె దానిని చూడలేదు.

"ఖాలా, మమ్మల్ని క్షమించండి. షావుకారు గారు ఆగిన జీతం మొత్తం పంపారు. మళ్లీ పనిలోకి రమ్మన్నారు" అన్నాను.

"జీతం సంగతి తరువాత, నాయనా. పనిలోకి వాడు రాడు. వాణ్ణి తీసేసిన రోజు నలుగురికీ తెలిసింది. వాడు తప్పు చేయలేదని ఆ నలుగురికీ తెలియాలి కదా" అన్నారు ఆమె.

తరువాతి శుక్రవారం జుమా నమాజు అయ్యాక, ఇమామ్ గారి అనుమతి తీసుకొని, షావుకారు గారూ నేనూ లేచి నిలబడి జరిగినది చెప్పాము. నా జీవితంలో అంత బరువైన నాలుగు మాటలు మరెప్పుడూ మాట్లాడలేదు. అతను క్షమించాడో లేదో నాకు తెలియదు. ఆ తల్లి మాత్రం మరుసటి రమజానులో మా ఇంటికి ఒక గిన్నెడు షీర్ ఖుర్మా పంపారు.

కొలతల్లో, తూకాల్లో తగ్గించేవారిని అల్ ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరిస్తుంది. ఆ సూరాను నేను ఎన్నోసార్లు పఠించాను. మిర్చి తూకం గురించే అనుకునేవాణ్ణి. మనిషిని తూచడంలో కూడా తరుగు ఉంటుందని, ఆ తరుగు నా కాటాలోనే ఉందని ఆ ఏడు నాకు తెలిసింది.

తీర్పు చెప్పే ముందు చేయి పెట్టి చూసే ఓర్పును, పొరపాటు చేసినప్పుడు నలుగురి ముందు ఒప్పుకునే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.